దమ్ముకు వేసిన గోళీ, పేగులో దాగిన పురుగు: ఒక స్ట్రాంగిలాయిడీస్ కేసు

నేను హనుమకొండలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తాను. ఈ కేసులో మొదటి నాలుగు రోజులు నేను చేసిన వైద్యం రోగికి కీడు చేసింది. ఆమె బతికింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. రాయడానికి ఆమె, ఆమె కొడుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊరి పేరు, సంవత్సరం, గుర్తుపట్టగలిగే మరికొన్ని వివరాలు తీసేశాను. వైద్యానికి సంబంధించిన లెక్కలేవీ మార్చలేదు.

ఆమె, ఆమె పని

వయసు యాభై దాటింది. ఊరు వరంగల్‌కు ఉత్తరాన, ఒక పాత చెరువు ఆయకట్టులో ఉంది. చెరువు పేరు చెబితే ఊరు తెలిసిపోతుంది, అందుకని రాయను. కాకతీయుల నాటి నుంచి మన వైపు గొలుసుకట్టు చెరువులు, వాటి కింద వరి. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ నాట్లు పడతాయి. ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి నాట్ల కైకిలికి పోతోంది. బురదలో చెప్పులతో నాటు వేయడం ఎవరి వల్లా కాదు, కాబట్టి పిక్కల దాకా ఉత్త కాళ్లే. ఇంట్లో మరుగుదొడ్డి ఆరేడేళ్ల కిందటే కట్టుకున్నారు. అంతకు ముందు ఊరందరికీ చెరువు కట్ట వెనకాలే. ఇంటికి కొన్ని గొర్లు కూడా ఉన్నాయి.

ఇవన్నీ చేరిన రోజే అడిగి ఉంటే ఈ కేసు ఇంత దూరం పోయేది కాదు. నేను అడిగింది ఐదో రోజున.

దమ్ము మొదలై పద్నాలుగు నెలలు. ఊళ్లో వైద్యం చేసే ఆయన మొదట సూదులు ఇచ్చాడు, తరవాత ఒక చిన్న తెల్ల గోళీ రోజూ వేసుకోమన్నాడు. కొడుకు తెచ్చిన ఖాళీ షీటు చూస్తే అది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మొదట రోజుకు 20 మి.గ్రా., తరవాత 10, దమ్ము ఎక్కువైనప్పుడు మళ్లీ 20. "గోళి ఏసుకుంటే పానం తేలికైతుండె సార్. మానేస్తే మల్ల పట్టుకుంటుండె," అంది ఆమె. ఆ మాట అబద్ధం కాదు. స్టెరాయిడ్ మొదట్లో నిజంగానే తేలిక చేస్తుంది, అందుకే దాన్ని మానడం కష్టం.

మా దగ్గరికి వచ్చినప్పుడు

వానాకాలం నాట్లు అయిపోయిన నెలలో వచ్చారు. మూడు వారాలుగా కడుపు పైభాగంలో మంట, నొప్పి. తిన్నది నిలవడం లేదు. నాలుగు నెలల్లో బాగా చిక్కిపోయింది, తూకం 41 కిలోలు. దమ్ము విపరీతంగా ఉంది, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టకముందే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. పాదాలు వాచాయి. ఆక్సిజన్ 91 శాతం, బీపీ 100/60.

హిమోగ్లోబిన్ 8.4. తెల్లకణాలు 13,800, వాటిలో ఇసినోఫిల్స్ (పురుగులున్నా, ఎలర్జీ ఉన్నా పెరిగే రకం) 1 శాతం. సోడియం 122, పొటాషియం 3.0, అల్బుమిన్ 2.1. షుగర్ 188, అది స్టెరాయిడ్ పుణ్యమే అనుకున్నాం. హెచ్.ఐ.వి. నెగటివ్. ఎక్స్‌రేలో రెండు వైపులా కింది భాగంలో పలుచటి మచ్చలు.

నా ఆలోచన ఇలా సాగింది. ఆస్తమా ముదిరింది. ఏడాదికి పైగా స్టెరాయిడ్ వాడింది కాబట్టి కడుపులో పుండు పడి ఉండవచ్చు. ఇంత చిక్కిపోయిన మనిషిలో, మచ్చలున్న ఎక్స్‌రేలో టీబీని వదలకూడదు. ఈ మూడూ విడివిడిగా చూస్తే సబబైన ఆలోచనలే. వీటన్నిటినీ కలిపే ఒక్క కారణం ఉందా అని నేను వెతకలేదు. అక్కడే తప్పాను.

సిరలోకి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 100 మి.గ్రా. ఆరు గంటలకొకసారి రాశాను. నెబ్యులైజర్, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, అసిడిటీకి మందు. కఫం టీబీ పరీక్షకు, మలం మామూలు పరీక్షకు పంపాను. మలం రిపోర్టు "గుడ్లు, సిస్టులు లేవు" అని వచ్చింది. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం వాచి, మడతలు లావుగా ఉన్నాయి. పుండు లేదు. ముక్క తీసి బయాప్సీకి పంపారు. ఆ వాపు దగ్గర నేను ఇంకొంచెంసేపు ఆగాల్సింది. కడుపులో పుండు వెతకబోతే, పుండు లేకుండా పేగు వాచి కనిపించింది. అంటే నా మొదటి ఊహ అప్పటికే వీగిపోయింది. నేను బయాప్సీ వచ్చాక చూద్దామని పక్కన పెట్టాను.

మూడో రోజు, నాలుగో రోజు

స్టెరాయిడ్ పెంచాక ఆస్తమా తగ్గాలి. ఆమెకు పెరిగింది. మూడో రోజు రాత్రి 103 డిగ్రీల జ్వరం, చలి వణుకు. పొట్ట ఉబ్బింది, పేగుల చప్పుడు దాదాపు లేదు. నాలుగో రోజు పొద్దున బొడ్డు చుట్టూ ఎర్రటి, ఊదారంగు చుక్కలు తేలాయి, ఎవరో వేలిముద్రలు ఒత్తినట్టుగా. నర్సు అవి సూది మచ్చలేమో అనుకుంది. నేనూ ఏదో రక్తస్రావ లక్షణమని ప్లేట్‌లెట్లు చూశాను, బాగానే ఉన్నాయి.

రక్తం కల్చర్‌లో ఇ. కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది. యాంటీబయాటిక్‌ను మెరోపెనెమ్‌కు మార్చాను. అది అవసరమైన పనే, కానీ దానితో ప్రశ్న తీరలేదు. ఇ. కోలై ఉండే చోటు పేగు. మూత్రం శుభ్రంగా ఉంది. పిత్తాశయం, కాలేయం స్కాన్‌లో బాగున్నాయి. పేగుకు చిల్లి పడలేదు. మరి పేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా రక్తంలోకి ఎలా వచ్చింది? దాన్ని ఎవరు మోసుకొచ్చారు?

ఆ రాత్రి జవాబు ల్యాబ్ నుంచి వచ్చింది. టీబీ కోసం పంపిన కఫం స్లైడును చూస్తున్న టెక్నీషియన్ అమ్మాయికి టీబీ క్రిములు కనిపించలేదు. వంకర తిరిగిన ఒక పొడుగాటి ఆకారం కనిపించింది. దారప్పోగు అనుకుని వదిలేయవచ్చు, చాలామంది వదిలేస్తారు. ఆమె వదలలేదు. వార్డుకు ఫోన్ చేసి అప్పటికప్పుడు కఫం తెప్పించుకుని, రంగులు వేయకుండా ఒక చుక్క సెలైన్‌లో పెట్టి చూసింది. తరవాత నాకు ఫోన్ చేసింది. "సార్, ఒకసారి కిందికి రండి. కఫంల పురుగు పారుతున్నది."

వెళ్లి చూశాను. అర మిల్లీమీటరు పొడుగు ఉంటుంది, సన్నగా, చురుగ్గా. తోక చివర చిన్న నొక్కు. స్ట్రాంగిలాయిడీస్ స్టెర్కొరాలిస్ లార్వా. చదువుకునే రోజుల్లో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్న పురుగు. మన రోగి ఊపిరితిత్తుల్లోంచి వచ్చి కళ్ల ముందు కదులుతుంటే ఒళ్లు జలదరించింది. పైన వార్డులో అదే సమయానికి సెలైన్‌లో హైడ్రోకార్టిసోన్ ఎక్కుతోంది.

ఈ పురుగు గురించి తెలియాల్సింది

1876లో ఫ్రెంచి నావికాదళ వైద్యుడు లూయి నోర్మాన్ తూలోన్ రేవులో, ఇప్పటి వియత్నాం ప్రాంతం నుంచి విరేచనాలతో తిరిగొచ్చిన సైనికుల మలంలో దీన్ని మొదట చూశాడు. పేగులో ఉండేవి ఆడ పురుగులే. మగ పురుగుతో పని లేకుండా గుడ్లు పెడతాయి. పొడుగు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు, కంటికి ఆనదు. చిన్నపేగు పొరలో ఇల్లు కట్టుకుని గుడ్లు అక్కడే పెడుతుంది, అవి అక్కడే పొదుగుతాయి. మలంలో బయటపడేది గుడ్డు కాదు, లార్వా. "గుడ్లు లేవు" అన్న రిపోర్టు ఈ పురుగు విషయంలో ఏమీ చెప్పదు. పైగా లార్వాలు రోజూ పడవు, పడినా కొద్దిగానే. ఒక్కసారి మలం చూసి లేదనడానికి వీల్లేదు.

నేలలో పడిన లార్వా తడి, నీడ, వెచ్చదనం దొరికితే చర్మాన్ని తొలిచే రూపానికి మారుతుంది. పాదం మీది చర్మంలో యూరోకానిక్ ఆమ్లం అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. లార్వా ఆ పదార్థం వైపే పాకుతుందని 2007లో పరిశోధకులు చూపించారు. నాట్లు వేసే ఆడవాళ్ల గురించి ఇంతకంటే సూటిగా చెప్పే ప్రయోగం నాకు తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. మిగతా చాలా పేగు పురుగుల్లా కాకుండా, దీని లార్వాల్లో కొన్ని బయటికి పోకముందే పేగులోనే ఎదిగి, పెద్దపేగు గోడనో మలద్వారం దగ్గరి చర్మాన్నో తొలుచుకుని మళ్లీ రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, అక్కణ్నుంచి గొంతు గుండా పేగులోకి చేరతాయి. బయటి నుంచి కొత్త పురుగు రాకపోయినా లోపల వంశం ఆగదు. రెండో ప్రపంచ యుద్ధంలో థాయ్‌లాండ్, బర్మా రైలు మార్గం పనిలో బందీలుగా ఉన్న సైనికుల్లో కొందరికి సొంత దేశం చేరి దశాబ్దాలు గడిచాక కూడా ఈ పురుగు బయటపడింది.

ఆరోగ్యవంతుల్లో రోగనిరోధక శక్తి దీన్ని కట్టడిలో ఉంచుతుంది. అప్పుడప్పుడూ కడుపు మంట, దద్దురు, దగ్గు, రక్తంలో పెరిగిన ఇసినోఫిల్స్, అంతే. స్టెరాయిడ్ పడితే ఆ కట్టడి తెగుతుంది. లార్వాలు వేల సంఖ్యలో పేగు గోడను దాటుతాయి. దాటుతూ తమ ఒంటి మీదా, కడుపులోనూ పేగు బ్యాక్టీరియాను మోసుకుపోతాయి. ఆమె రక్తంలోకి ఇ. కోలై వచ్చిన దారి అదే. బొడ్డు చుట్టూ చుక్కలు చర్మం కింద లార్వాలు పారిన గుర్తులు. ఎక్స్‌రే మచ్చలు, పిల్లికూతలు, వాచిన పేగు, పడిపోయిన సోడియం అన్నీ ఒక్క తాటి మీదికి వచ్చాయి.

స్టెరాయిడ్ మన రక్షణను తగ్గించడమే కాదు, నేరుగా పురుగుకే ఎదగమని కబురు పంపుతుందన్న అనుమానం చాలాకాలంగా ఉంది. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో, రోగనిరోధక కణాలు దాదాపు లేకుండా పెంచిన ఎలుకల్లో ఈ పురుగును ప్రవేశపెట్టారు. స్టెరాయిడ్ ఇచ్చిన ఎలుకల్లో పురుగు విజృంభించింది. తగ్గించడానికి రక్షణ దాదాపు లేని ఒంట్లో కూడా స్టెరాయిడ్ తేడా చూపిందంటే, అది పురుగు మీదే పని చేస్తూ ఉండవచ్చు. అదే పరిశోధనలో పురుగుకు సొంతమైన డాఫాక్రోనిక్ ఆమ్లం అనే హార్మోను ఇస్తే ఆ విజృంభణ తగ్గింది. ముందుముందు ఆ దారిలో కొత్త మందు రావచ్చని ఆశ. ఆ రాత్రి నాకు అందులో పనికొచ్చింది మొదటి సగం: స్టెరాయిడ్ ఒక్కో మిల్లీగ్రామూ లెక్కే.

ప్లాస్టిక్ కవరు

ఐదో రోజు పొద్దున కొడుకును కూర్చోబెట్టి మొదటి నుంచి అడిగాను. అతను ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. మన వైపు ప్రతి రోగి చుట్టమూ తెచ్చే కవరే, రేషన్ కార్డు జిరాక్సు దగ్గర్నుంచి పాత మందుల చీటీల దాకా అందులోనే. అడుగున మడతపడి పద్నాలుగు నెలల నాటి రక్త పరీక్ష ఉంది, స్టెరాయిడ్ మొదలవడానికి ముందుది. తెల్లకణాలు 11,200, ఇసినోఫిల్స్ 22 శాతం. అంటే దాదాపు 2,460, మామూలు కంటే చాలా ఎక్కువ. పక్కన పెన్నుతో "ఎలర్జీ" అని రాసి ఉంది.

ఆ కాగితం చేరిన రోజు నుంచీ మంచం కిందే ఉంది. మా దగ్గర వచ్చిన 1 శాతం చూసి నేను పురుగు సంగతి తలవలేదు. స్టెరాయిడ్ వాడే మనిషిలో ఇసినోఫిల్స్ పడిపోతాయి, పురుగు ఎంత ఉన్నా సరే. ఈ రోగంలో తక్కువ ఇసినోఫిల్స్ ధైర్యం చెప్పే గుర్తు కాదు. ఒళ్లు ఎదురు తిరగడం మానేసిందన్న గుర్తు.

మందు ఒకటే, దారి దొరకలేదు

ఈ పురుగుకు మొదటి మందు ఐవర్‌మెక్టిన్, కిలోకు 200 మైక్రోగ్రాములు. మామూలు ఇన్ఫెక్షన్‌లో ఒకటి రెండు రోజులు చాలు. ఇలా విజృంభించినప్పుడు మలం, కఫం శుభ్రపడ్డాక మరో రెండు వారాల దాకా రోజూ ఇవ్వాలి. 41 కిలోలకు 8.2 మి.గ్రా., దాన్ని 9గా తీసుకున్నాం. నులిపురుగులకు వాడే ఆల్బెండజోల్ కూడా కలిపాను. ఒంటరిగా దాని బలం ఈ పురుగు మీద తక్కువ. కలిపితే ఎంత లాభమో గట్టి రుజువు లేదు, కానీ ఆ స్థితిలో నష్టం కనిపించలేదు.

ఆమె మింగలేని స్థితిలో ఉంది. గోళీలు నూరి ముక్కు గొట్టం గుండా ఇచ్చి, రెండు గంటలు గొట్టం మూసి ఉంచాం. మూడు రోజులు గడిచాయి. రోజూ కఫం చూస్తున్నాం, లార్వాలు మొదటి రోజంత చురుగ్గానే ఉన్నాయి. మూడో రోజు గొట్టం తెరిస్తే ముప్పావు లీటరు పచ్చటి నీళ్లు, వాటిలో మేం నూరి ఇచ్చిన పొడి. పేగు కదలడం లేదు కాబట్టి మందు కడుపు దాటలేదు. ఇది చూసుకోకుండా ఇంకో మూడు రోజులు అలాగే ఇచ్చి ఉంటే "మందు పని చేయలేదు" అని రాసి కేసు మూసేవాళ్లం. మందు పని చేయలేదనే ముందు అది ఒంట్లోకి చేరిందా అని చూసుకోవాలి.

మిగిలిన దారులు రెండు. మలద్వారం గుండా ఇవ్వడం, పశువులకు వాడే సూదిని చర్మం కింద ఇవ్వడం. ఐవర్‌మెక్టిన్ సూదికి మనుషుల్లో అనుమతి లేదు. వేరే దారి లేని రోగులకు, కుటుంబం ఒప్పుదలతో, నైతిక కమిటీ అనుమతితో కొన్ని దేశాల్లో ఇచ్చారు. ఈ మాట వివరిస్తుంటే కొడుకు మధ్యలో అందుకున్నాడు.

"ఆ సూది మా ఇంట్ల ఉన్నది సార్. గొర్లకు ఏస్తం. తెమ్మంటే ఇప్పుడే తెస్త."

కాసేపు నాకు మాట రాలేదు. తరవాత అతనే అడిగాడు. "ఏడాదికి ఇన్నిసార్లని గొర్లకు నట్టల మందు తాపుతం. మా అవ్వకు నట్టలున్నయేమో అని ఇన్ని దినాలు ఒక్కలు గూడ ఎందుకు సూడలే సార్?"

"చూడాల్సింది బాబూ. నేనూ మొదటి రోజే చూడాల్సింది," అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంటి సూది వద్దన్నాను. ఎంత కాలం, ఏ వేడిలో ఉందో తెలియదు, మనిషి ఒంట్లో ఆ మోతాదు ఎలా నడుస్తుందో తెలిసింది తక్కువ. మలద్వారం గుండా ఇవ్వడానికి అదే మనుషుల గోళీ చాలు. ఒంటికి పట్టేది ఎంతో కచ్చితంగా చెప్పలేకపోయినా, చేటు తక్కువ. ముందు అది, రెండు రోజుల్లో కఫం మారకపోతే సూది. ఆసుపత్రి నైతిక కమిటీకి ఆ రోజే అర్జీ పెట్టి, ఒప్పుదల కాగితం సిద్ధం చేసి ఉంచాను. అవసరం పడ్డాక మొదలుపెడితే అనుమతి వచ్చేసరికి మనిషి మిగలకపోవచ్చు.

స్టెరాయిడ్ ఆపాలా, వద్దా

నన్ను అన్నిటికంటే ఎక్కువగా నలిపిన నిర్ణయం ఇది. పురుగును చూసిన రాత్రి నా చెయ్యి మొదట హైడ్రోకార్టిసోన్ కొట్టేయడానికే పోయింది. కానీ పద్నాలుగు నెలలు ప్రెడ్నిసొలోన్ వేసుకున్న మనిషిలో ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పడుకుని ఉంటాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నవేళ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ఆ కారణంతోనే పోవచ్చు. కొనసాగిస్తే పురుగుకు మేత.

కాబట్టి ప్రశ్నను మార్చుకున్నాను. ఆస్తమాకు ఎంత కావాలి అని కాదు, ఈ పూట ప్రాణం నిలవడానికి కనీసం ఎంత కావాలి అని. రోజుకు 400 మి.గ్రా. ఉన్నదాన్ని ఆ రాత్రే 100కు దించి, 50 చొప్పున రెండుసార్లు ఇచ్చాను. బీపీ గంటగంటకూ రాయించాను. 90కి దిగితే స్టెరాయిడ్ పెంచాలని నర్సులకు కాగితం మీద రాసిచ్చాను. ఒకసారి 92 దాకా పోయి సెలైన్‌తో నిలబడింది. రెండు రోజుల తరవాత 20కి తెచ్చాను, ఒళ్లు మామూలుగా తయారుచేసుకునేంత. పిల్లికూతలకు నెబ్యులైజర్ మాత్రమే.

ఆరో రోజు ఆమె మత్తుగా ఉంది. పిలిస్తే పలుకుతోంది కానీ వెంటనే కళ్లు మూస్తోంది. ఈ పురుగు మోసుకొచ్చే బ్యాక్టీరియా మెదడు పొరలకూ చేరుతుంది, అలా అయితే మెరోపెనెమ్ మోతాదు రెట్టింపు చేయాలి. అందుకని వెన్ను నీరు తీయించాను. శుభ్రంగా ఉంది. సోడియం సరయ్యే కొద్దీ మత్తు వదిలింది.

వార్డు సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి రోగి కఫంలో, మలంలో ఉండే లార్వాలు అప్పటికే చర్మం తొలిచే దశలో ఉంటాయి. కోడలు ఐదు రోజులుగా ఉత్త చేతులతో అన్నీ ఎత్తిపోస్తోంది. చేతి తొడుగులు ఇచ్చి, ఎందుకో నర్సు కూర్చుని వివరించింది.

మలుపు

మలద్వారం గుండా మొదలుపెట్టిన రెండో రోజు కఫంలో లార్వాలు మందగించాయి. స్లైడు మీద కొన్ని కదలకుండా పడి ఉన్నాయి. నాలుగో రోజు పేగుల చప్పుడు వినిపించింది, గొట్టంలో వచ్చే నీళ్లు తగ్గాయి. అప్పటి నుంచి నోటి గుండానే ఇచ్చాం. సూది అవసరం రాలేదు.

ఏది పని చేసిందని అడిగితే ఒక్కదాన్ని వేలెత్తి చూపలేను. అదే రోజుల్లో స్టెరాయిడ్ దించాం. 2.8కి పడ్డ పొటాషియం ఎక్కించి సరిచేశాం, పొటాషియం తక్కువైతే పేగు కదలదు. యాంటీబయాటిక్ నడుస్తోంది. నా అంచనా, పేగు కదలడానికి పొటాషియం, పురుగు చావడానికి మందు చేరిన కొత్త దారి, మళ్లీ పెరగకపోవడానికి స్టెరాయిడ్ కోత. ఇది అంచనా మాత్రమే.

ఐవర్‌మెక్టిన్ మొదలైన పదకొండో రోజున మలం, కఫం రెండూ శుభ్రపడ్డాయి. అక్కణ్నుంచి లెక్కపెట్టి మరో పద్నాలుగు రోజులు ఇచ్చాం. లోపలి చక్రం ఒకసారి తిరగడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి అంతకు తక్కువలో ఆపడం మోసపోవడమే. మధ్యలో బయాప్సీ రిపోర్టు వచ్చింది, పేగు పొరలో పురుగులు, గుడ్లు. అప్పటికి మాకు తెలిసిందే. ముప్పై ఒకటో రోజున నడుచుకుంటూ ఇంటికి పోయింది. ఆటో ఎక్కేముందు టెక్నీషియన్ అమ్మాయిని చూడాలని అడిగి, ల్యాబ్ దాకా పోయి తల నిమిరి వచ్చింది.

తరవాత మార్చుకున్నవి

మలం పరీక్ష అడిగేటప్పుడు ఇప్పుడు "స్ట్రాంగిలాయిడీస్ లార్వాల కోసం" అని చీటీ మీద రాస్తున్నాను. ఏం వెతకాలో చెబితే ల్యాబ్ వెతుకుతుంది. మూడు రోజులు, తాజా మలం. కొంకి పురుగు (హుక్‌వర్మ్) లార్వాకూ దీనికీ తేడా నోటి దగ్గర కనిపిస్తుంది. కొంకి పురుగుకు నోటి గొట్టం పొడుగు, దీనికి పొట్టి. మలం ఆలస్యంగా చేరితే కొంకి పురుగు గుడ్లు కూడా పొదిగి తికమక పెడతాయి.

అగర్ పళ్లెం కూడా మొదలుపెట్టాం. దీనికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. బ్యాక్టీరియా పెంచే మామూలు అగర్ పళ్లెం మధ్యలో రేగుపండంత మలం పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, గది వేడిలో రెండు మూడు రోజులు ఉంచాలి. లార్వాలు పాకుతూ పోయిన దారి పొడుగునా బ్యాక్టీరియా మొలుస్తుంది. ఇసుకలో పురుగు నడిచిన బాటలా కంటికే కనిపిస్తుంది. తొడుగులు లేకుండా మూత తీయకూడదు.

ఇంటి వాళ్లను పరీక్షించాం. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం అరుదే గానీ, అందరూ దిగింది ఒకే పొలంలోకి. భర్త, కొడుకు మామూలు స్లైడులో, పళ్లెంలో నెగటివ్. కోడలు స్లైడు మూడుసార్లూ నెగటివ్, పళ్లెం మీద మాత్రం బాటలు. ఆమెకు ఏ బాధా లేదు, అప్పుడప్పుడూ నడుము కింద గీతలా దద్దురు వచ్చి గంటల్లో జరిగిపోతుందని అడిగితే చెప్పింది. గంటకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున పాకే ఆ దద్దురు ఈ పురుగుదే. గర్భం లేదని చూసుకుని రెండు రోజులు ఐవర్‌మెక్టిన్ ఇచ్చాం.

స్టెరాయిడ్ రాసే అలవాటు మారింది. దమ్ముకైనా, కీళ్లకైనా, చర్మానికైనా, కిడ్నీకైనా, ఎక్కువ రోజులు స్టెరాయిడ్ రాసే ముందు పొలం పని అడుగుతాను, పాత రక్త పరీక్ష వెతికిస్తాను, మొదటి గోళీకి ముందే ఇసినోఫిల్స్ చూస్తాను. ఆగడానికి వ్యవధి లేకపోతే పరీక్షకు పంపి, ఫలితం రాకముందే ఐవర్‌మెక్టిన్ ఇచ్చేస్తాను. 2020లో కొవిడ్‌కు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ విరివిగా వాడినప్పుడు ఈ సలహా వైద్య పత్రికల్లో వచ్చింది. నేను అప్పుడు చదివాను కూడా. చదివినది చేతికి రావడానికి ఈమె మంచం పట్టాల్సి వచ్చింది, అది నాకు బాధ.

ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల గోళీ 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు. అది ఆల్బెండజోల్ ఒక్క మోతాదు. ఏలికపాములకు బాగా పని చేస్తుంది, ఈ పురుగుకు చాలదు. నాట్లు వేసే నడివయసు ఆడవాళ్లకు ఆ ఒక్క గోళీ కూడా అందదు. ప్రపంచంలో 60 కోట్ల మందికి పైగా ఈ పురుగు ఉండవచ్చని 2020లో ఒక అంచనా వేశారు. వ్యాప్తి ఎక్కువున్న చోట్ల సామూహికంగా ఐవర్‌మెక్టిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సూచించింది. మన చెరువుల కింది ఊళ్లలో అగర్ పళ్లేలతో ఒక సర్వే జరగాలని నా కోరిక. ఆ పని చేసే వైద్య విద్యార్థులెవరైనా ఉంటే, మా ల్యాబ్ అమ్మాయి పళ్లెం పెట్టడం నేర్పుతానంటోంది.

ఆమె ఐదు నెలల్లో స్టెరాయిడ్ పూర్తిగా మానేసింది. పొద్దున కార్టిసాల్ (ఒళ్లు సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్) పరీక్ష బాగుందని చూశాకే ఆపాం. దమ్ము ఇన్‌హేలర్‌తో అదుపులో ఉంది. ఆరో నెలలో తూకం 49 కిలోలు, ఇసినోఫిల్స్ 4 శాతం. అత్తాకోడళ్ల పళ్లేలు రెండూ శుభ్రం.

"మల్ల నాట్లకు పోవచ్చా సార్?" అని అడిగింది. పోవద్దంటే ఇల్లు గడవదు. పొమ్మన్నాను. గట్టు ఎక్కగానే కాళ్లు కడిగి తుడుచుకోమన్నాను. దాంతో పురుగు ఆగుతుందన్న హామీ లేదని కూడా చెప్పాను. యాసంగి నాట్లు పడ్డ రెండు నెలలకు ఇద్దరికీ మళ్లీ పళ్లెం పెట్టాలని ఆ ప్లాస్టిక్ కవరులోని కొత్త చీటీ మీద, అన్నిటికంటే పైన, ఎర్ర పెన్నుతో రాసిచ్చాను.